చేయుట, మానుట – ఒక చూడిమేక నేర్పిన పాఠం



సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వండని సంపాదకులు ప్రతి సంవత్సరం అడుగుతూనే ఉంటారు. నేను షోలాపురంలో నూలు వ్యాపారిని. హైస్కూలుతో చదువు ఆగిపోయినవాణ్ణి. ధర్మసూక్ష్మాలు విప్పి చెప్పడానికి మన సమాజంలో పండితులు ఉన్నారు, సాధు సాధ్వీ మహారాజులు ఉన్నారు. అందుచేత ఇన్నేళ్లూ దుకాణం పేరిట ఒక ప్రకటన ఇచ్చి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేకపోయాను. ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. దానిని మీ ముందు పెడుతున్నాను.

ప్రశ్న చిన్నదే. కడుపుతో ఉన్న మూగజీవికి నెలలు నిండకముందే మందు వేసి ఈనేటట్లు చేయవచ్చునా? చేస్తే అది హింస అవుతుందా, దయ అవుతుందా? చేయకుండా ఊరుకుంటే అది అహింస అవుతుందా, పిరికితనం అవుతుందా?

మా అమ్మకు ఎనభై దాటాయి. ఆవిడకు ఆవుపాలు, గేదెపాలు పడవు. అందుకని పెరట్లో ఒక పాడిమేకను పెట్టుకున్నాం. ఉస్మానాబాదీ జాతి. మా పక్క జిల్లా మేక అది. జిల్లాకు 2023లో ధారాశివ్ అని పేరు మార్చారు గాని మేకకు మాత్రం పాత పేరే మిగిలింది. నల్లని ఒళ్లు, పొడుగు చెవులు. ఈ జాతిలో కవల పిల్లలు పుట్టడం మామూలు. జైనుల ఇంట మేక ఏమిటని కొందరు నవ్వారు. పోతుపిల్ల పుడితే ఎవరికీ అమ్మబోమని, జీవదయ సంస్థకు అప్పగించి దాని మేతకు డబ్బు కడతామని ముందే నియమం పెట్టుకున్నాం. అంతటితో మా ధర్మం తీరిపోయిందని అనుకున్నాను.

2023 జులై 14న మేకను పోతుకు దాటించాం. మా వీధి చివర పది మేకలు మేపుకునే ఒక అవ్వ ఉంది. పద్మశాలీల ఇంటిది. ఆమె పెద్దలు తెలంగాణం నుంచి మగ్గం పనికి వచ్చినవారు. పోతు ఆమెదే. ఆమెకు ఇచ్చిన రూపాయలు చిట్టాలో వ్రాశాను, తేదీ కూడా వ్రాశాను. వ్యాపారి అలవాటు అది. ఆ తేదీ తరువాత ఎంత పనికి వచ్చిందో మీరే చూస్తారు. మేక చూలు సుమారు 150 రోజులు. అంటే డిసెంబరు 11 నాటికి ఈనాలి.

ఇంతలో మా బంధువర్గం సమ్మేద శిఖర్జీ యాత్రకు ఏర్పాటు చేసింది. బయలుదేరేది డిసెంబరు 8న. ఇంట్లో మిగిలేది అమ్మ, అయిదో నెల గర్భిణి అయిన మా కోడలు. మేక మేము లేనప్పుడు ఈనితే చూసేది ఎవరు? నాకొక ఆలోచన తట్టింది. నవంబరు 26న పశువుల డాక్టరు గారికి ఫోను చేసి, "డాక్టరు గారూ, నొప్పులు తెప్పించే సూది ఉన్నదట గదా. మొదటి తేదీకల్లా ఈనేటట్లు వేసిపోతారా?" అని అడిగాను.

ఆయన లెక్క అడిగారు, నేను చిట్టా చూసి చెప్పాను. "సేట్‌జీ, ఇవాళ్టికి 135 రోజులు. పిల్లల ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదు. 144 రోజులు దాటితే సాధారణంగా పిల్లలు దక్కుతాయి. దానికి ఎంత ముందైతే అంత గండం. మీ రైలు టిక్కెట్టు కోసం నేను సూది వేయను" అన్నారు.

నాకు కొంచెం కోపం వచ్చింది. రుసుము ఇచ్చేవాణ్ణి నేను గదా అనుకున్నాను. తీర్థయాత్రకు పోయే తొందరలో రెండు మూడు ప్రాణాలను పణం పెట్టబోయానన్న సంగతి ఆనాడు నా బుద్ధికి తోచనే లేదు.

నాలుగు రోజులు గడిచాయి. నవంబరు 30న, అంటే 139వ రోజున, మేక దాణా ముట్టలేదు. ఒక మూల నిలబడి తల గోడకు ఆనించింది. కాళ్లు కొద్దిగా వాచాయి. పళ్లు నూరుతున్నది. మేకల అవ్వను పిలిపించాను. ఆమె దాని నోరు వాసన చూసి, "సేటూ, నోరు పండు వాసన కొడ్తంది. ఇది మంచిది కాదు. డాక్టర్ను పిలువు" అన్నది.

డాక్టరు గారు వచ్చి మూత్రంలో పరీక్ష పట్టీ ముంచి చూశారు. కీటోనులు ఎక్కువగా ఉన్నాయన్నారు. రోగం సంగతి ఆయన చెప్పిన తీరు నాకు బాగా అర్థమైంది. చూలు చివరి నెలన్నరలో పిల్లలు వేగంగా పెరుగుతాయి. కడుపులో రెండు మూడు పిల్లలుంటే వాటికి కావలసిన బలం పెరుగుతుంది. గర్భసంచి చోటంతా ఆక్రమించడం వల్ల తల్లి తినగలిగేది తగ్గుతుంది. అప్పుడు తల్లి తన ఒంటి కొవ్వును కరిగించి పిల్లలకు పంపుతుంది. ఆ కరగడం మితిమీరితే కీటోనులు రక్తంలో పేరుకుంటాయి. వాటివల్ల ఆకలి చస్తుంది. ఆకలి చస్తే కొవ్వు ఇంకా కరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది మూలధనం తీసి వడ్డీ కట్టే వ్యాపారం. ఎంత పెద్ద కొట్టయినా అట్లా ఎన్నాళ్లు నిలుస్తుంది?

"ముందు బాగా బలిసిన మేకకు చివరి రోజుల్లో మేత తగ్గితే ఇది వస్తుంది. దాణా తగ్గించారా?" అని అడిగారు.

నేను తల దించుకున్నాను. దసరా నుంచి దీపావళి దాకా పిల్లలు దానికి జొన్నరొట్టెలు, బెల్లం ముద్దలు పెట్టారు. పండుగ కాగానే, పాలివ్వని మేకకు ఇంత దాణా దండగ అని పనివాడితో సగానికి తగ్గింపించింది నేనే. అహింసాణువ్రతానికి చెప్పిన అయిదు అతిచారాలు చిన్నప్పుడు పాఠశాలలో వల్లించాను. కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు మోపడం, అన్నపానాలు నిరోధించడం. ఆ అయిదవది బండ్లవాళ్లకు, కసాయివాళ్లకు చెప్పిందని అనుకునేవాణ్ణి. నా పెరట్లోనే జరుగుతుందని అనుకోలేదు.

రెండు రోజులు వైద్యం జరిగింది. నరానికి గ్లూకోజు ఎక్కించారు. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే తియ్యని ద్రవం నోట పోశాం. కాల్షియం ఇచ్చారు. మేక ఒక పూట తేరుకున్నట్లు కనబడి మళ్లీ పడిపోయింది. డిసెంబరు 2 సాయంత్రం, 141వ రోజున, డాక్టరు గారు చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "సేట్‌జీ, ఇప్పుడు నేనే అడుగుతున్నాను. సూది వేద్దాం. పిల్లలు బయటికి వస్తేనే ఈ రోగానికి మూలం పోతుంది. ఆపరేషను చేయవచ్చును గాని ఈ నీరసంలో తట్టుకోవడం కష్టం. ఊరుకుంటే ముందు తల్లి, దానితోపాటు పిల్లలు కూడా పోవచ్చు."

సూది పనిచేసే విధం కూడా చెప్పారు. మేక చూలు మొదటి నుంచి చివరి దాకా అండాశయంలో ఉండే ఒక గ్రంథి మీదనే ఆధారపడి నిలుస్తుంది. గొర్రెలో అయితే కొన్నాళ్లకు ఆ పనిని మావే అందుకుంటుంది. మేకలో అట్లా కాదు. ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఆ గ్రంథిని కరిగిస్తుంది. ఒకటిన్నర రోజు ప్రాంతంలో నొప్పులు వస్తాయి. దానికి తోడుగా డెక్సామెథసోన్ అనే మరొక సూది వేస్తే పిల్లల ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి సాయపడుతుంది. "అన్నీ చేసినా పిల్లలు దక్కుతాయని మాట ఇవ్వలేను" అన్నారు.

వారం క్రితం ఆ సూదిని నేనడిగితే ఆయన వద్దన్నారు. ఇప్పుడు ఆయన అడిగితే నేను వెనక్కి తగ్గాను. "తెల్లవారేదాకా ఆలోచించుకుంటాను" అన్నాను.

పాఠక మహాశయులారా! ఆ రాత్రి నా మనస్సు చేసిన వాదాలన్నీ దాచకుండా వ్రాస్తాను. ఇటువంటివి మీ మనస్సులోనూ ఎప్పుడో మెదిలే ఉంటాయి.

మొదటి వాదం: ప్రకృతికి వదిలేద్దాం. ఎప్పుడు ఈనాలో దానికే తెలుసు, మధ్యలో మనమెవరం? ఇది చాలా పవిత్రంగా వినబడింది. కాని చిట్టా తెరిచి చూస్తే నిలబడలేదు. పోతును ఏర్పాటు చేసింది నేను. తేదీ పెట్టింది నేను. మేత పెంచింది, తగ్గించింది మేము. ఆ చూలు మాకు పాలు కావాలని మేము పెట్టించిన చూలు. ఇన్ని చోట్ల నా చెయ్యి ఉండి, కష్టం వచ్చిన చోట మాత్రం "ప్రకృతి" అని చెయ్యి తీసేయడం, లాభంలో వాటా పుచ్చుకుని నష్టం వచ్చిన నాడు నేను భాగస్తుణ్ణి కానని చెప్పడం వంటిది. అటువంటి వ్యాపారిని మన బజారులో ఏమంటారో మీకు తెలుసు.

రెండవ వాదం: దాని కర్మ అది అనుభవిస్తున్నది. అశాతా వేదనీయ కర్మ ఉదయించింది, ఎవరు తప్పించగలరు? కర్మ సిద్ధాంతం సత్యమే. కాని దాని పాత కర్మ లెక్క చూసే గుమాస్తాగా నన్ను ఎవరూ నియమించలేదు. నేను చూసుకోవలసింది ఈ రాత్రి నేను కట్టుకుంటున్న కర్మ. ఎదుట ఒక పంచేంద్రియ జీవి పళ్లు నూరుతుంటే, దాని కర్మను తలచుకుని నేను నిద్రపోతే, ఆ నిద్ర ఎవరి ఖాతాలో పడుతుంది?

మూడవ వాదం గట్టిది. సూది వేస్తే, పిల్లలు చస్తే, వాటిని చంపింది నేను. వేయకపోతే, చస్తే, అవి వాటంతట అవి చచ్చాయి. ఈ వాదానికి నాకు జవాబు దొరకలేదు. 1928లో సాబర్మతి ఆశ్రమంలో జరిగిన సంగతి జ్ఞాపకం వచ్చింది. బాగుపడే ఆశ లేక యాతన పడుతున్న ఒక దూడకు గాంధీజీ దగ్గరుండి సూది వేయించి దాని బాధను ముగించారు. దేశమంతటా గొడవ లేచింది. మన జైనులు కూడా చాలామంది ఆయనకు కోపంగా ఉత్తరాలు వ్రాశారు. ఆయన తన పత్రికలలో వాటికి జవాబులు ఇచ్చారు. ప్రాణం తీయడం ఎంత దయతోనైనా సరే మన పెద్దలు ఒప్పుకోరు. పింజరాపోళ్లలో ముసలి పశువులను ఆయువు తీరేదాకా పోషించే సంప్రదాయం మనది. నేనూ ఆ పక్షం వాణ్ణే. అయితే నా ముందున్న సూది ఆ సూది కాదు. అది ప్రాణం తీయడానికి వేసింది. ఇది ప్రాణం నిలపడానికి వేసేది, ప్రాణాపాయం దానిలో కలిసి ఉన్నది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "సూది పాపం" అని తేల్చేయడం నాకు సులభంగా ఉంది. సులభంగా ఉంది గనుకనే నాకు అనుమానం వేసింది.

రాత్రి రెండు గంటలకు అమ్మ లేచి పెరట్లోకి వచ్చింది. నేను మేక పక్కన గోనె మీద కూర్చుని ఉన్నాను. సంగతంతా చెప్పాను. పాపం అంటుతుందేమోనని భయంగా ఉందన్నాను.

అమ్మ చాలాసేపు మేక మెడ నిమిరింది. తరువాత అడిగింది: "ఒక్క మాట చెప్పు నాయనా. నీకు పాపం అంటుతుందని భయపడుతున్నావా, దీనికి నొప్పి అవుతున్నదని భయపడుతున్నావా?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆవిడే మళ్లీ అన్నది: "పర్యూషణంలో ఏటేటా వింటావు గదా, త్రిశలాదేవి కడుపులో స్వామి కదలకుండా ఉన్న కథ."

శ్వేతాంబర సంప్రదాయంలో కల్పసూత్రం వినేవారందరికీ ఆ కథ తెలుసు. మహావీరస్వామి గర్భంలో ఉండగా, తాను కదిలితే తల్లికి నొప్పి కలుగుతుందని కరుణతో కదలకుండా ఉండిపోయారు. తల్లి మాత్రం గర్భం పోయిందని తలచి దుఃఖంలో మునిగింది. ఇంట పాటలూ వాద్యాలూ ఆగిపోయాయి. అది తెలుసుకుని స్వామి కొద్దిగా కదిలారు. తల్లికి ప్రాణం లేచివచ్చింది.

ఆ కథను నలభై ఏళ్లుగా మాతృభక్తికి దృష్టాంతంగా వింటున్నాను. ఆ రాత్రి అందులో మరొక అర్థం కనబడింది. కదలకపోవడం కూడా దయతో చేసిందే. అయినా దానివల్ల ఎదుటి ప్రాణి బాధపడుతున్నదని తెలియగానే ఆ నిశ్చలత్వాన్ని వదిలిపెట్టారు. "నేను ఏమీ చేయలేదు గదా" అన్న మాట దగ్గర ఆగిపోలేదు. చేయకపోవడం దానంతటదే అహింస అయితే కదలవలసిన పని ఏముంది?

తెల్లవారగానే ఫోను చేశాను. ఎనిమిది గంటలకు రెండు సూదులూ వేశారు. మందు సీసా దగ్గరికి కోడలిని రానివ్వవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోగలదు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దాన్ని ముట్టుకోకూడదు. మా కోడలు కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఆ చూపు నేను మరచిపోలేదు.

డిసెంబరు 4 రాత్రి ఎనిమిదింటికి మేక ఈనింది. అవ్వ, డాక్టరు గారు ఇద్దరూ ఉన్నారు. మొదట ఒక పోతుపిల్ల, బ్రతికి ఉంది. తరువాత వచ్చింది చచ్చిన పిల్ల. మూడవది ఆడది, పిడికెడంత, ఊపిరి అందక ఎగపోస్తున్నది. అవ్వ దాని ముక్కు తుడిచి గడ్డితో రుద్ది రుద్ది ఏడిపించింది. తల్లి పొదుగులో ముర్రుపాలు చాలా తక్కువ. ఆ వారమే ఈనిన తన మేక ముర్రుపాలు అవ్వ చెంబులో తెచ్చింది. రెండు గంటలకొకసారి పట్టాలన్నది. మా ఇంట సూర్యాస్తమయం తరువాత ఎవరూ నోట ఏమీ వేయరు. రాత్రిపూట పాలు పట్టడమా అని నేను తటపటాయించాను. "నియమం పెట్టుకున్నది మనం. ఈ పసికూన పెట్టుకోలేదు" అని అమ్మ పాలసీసా తన చేతిలోకి తీసుకున్నది.

తెల్లవారేసరికి మావి పడింది. మూడోనాటికి మేక లేత వేపకొమ్మ నమిలింది. ఆడపిల్ల మాత్రం 7వ తేదీ మధ్యాహ్నం మా కోడలి ఒడిలోనే కన్ను మూసింది. మరునాడు బంధువులు శిఖర్జీకి వెళ్లారు. నేను వెళ్లలేదు.

చచ్చి పుట్టిన పిల్ల సంగతి డాక్టరు గారిని అడిగాను. ఎప్పుడు పోయి ఉంటుందని. "సూదికి ముందే పోయి ఉండవచ్చు. తరువాతా పోయి ఉండవచ్చు. నిన్న మొన్న అని చెప్పలేను" అన్నారు. అందుచేత నేను ఆలోచించుకుంటానని తీసుకున్న ఆ ఒక్క రాత్రి నా ఖాతాలో తేలని పద్దుగా ఉండిపోయింది. ఆ రాత్రిని నేను ధర్మవిచారం అనుకున్నాను. అందులో ఎంత భాగం విచారమో, ఎంత భాగం భయమో తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రంలో హింసను నిర్వచించేటప్పుడు ప్రాణం పోవడం ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోలేదు. దానికి ముందు ప్రమాదం అనే మాట ఉంది. మన వాడుకలో ప్రమాదమంటే రైలు పడిపోవడం, ఇల్లు కాలడం. శాస్త్రంలో ప్రమాదమంటే ఏమరుపాటు, రాగద్వేషాలతో కళ్లు మూసుకుపోవడం. ఈ కొలత పట్టుకుని నా లెక్క నేను చూసుకున్నాను.

నవంబరు 26న సూది వేయమని అడిగాను. అది నా ప్రయాణం కోసం. డిసెంబరు 2న వేయవద్దని ఆపాను. అది నా పాపభయం కోసం. పైకి చూస్తే ఒకటి చేయడం, ఒకటి మానడం. లోపల రెండూ ఒకటే. రెండుసార్లూ నేను చూసింది నన్నే, మేకను కాదు. మేకల అవ్వ ఆ సాయంత్రమే నాతో అన్నది: "సేటూ, నువ్వు దేవుని దిక్కు చూస్తున్నవు గాని మేక దిక్కు చూస్తలేవు." ఆ మాట అప్పుడు మొరటుగా తోచింది. ఇప్పుడు అందులో నాకు ధర్మం కనబడుతున్నది.

కావున నాకు తోచినది ఇది. సూది వేయడంలో హింస లేదు, వేయకపోవడంలో అహింస లేదు. ఎవరి కోసం వేస్తున్నాం, ఎవరి కోసం మానుతున్నాం, ఎంత మెలకువతో ఉన్నాం అన్న దానిలో ఉంది. తల్లి ఆరోగ్యంగా ఉండగా మన సౌకర్యం కోసం, పాలు త్వరగా రావాలని, పండుగకో పెళ్లికో అడ్డు రాకూడదని నొప్పులు తెప్పించడం తప్పు. తల్లి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, తెలిసిన వైద్యుడు చెప్పినప్పుడు, మన చేతికి మరక అంటుతుందని వెనుకాడడం కూడా తప్పే. మొదటి తప్పును లోకం కనిపెడుతుంది. రెండవదాన్ని లోకం భక్తి అంటుంది. అందుచేత రెండవదాని విషయంలో మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

"అట్లా అయితే మంచి భావమే చాలునా? భావం బాగుంటే ఏమి చేసినా చెల్లునా?" అని అడుగుతారు. చెల్లదు. మంచి భావం ఉన్నవాడు శ్రద్ధ తీసుకుంటాడు. శ్రద్ధ లేని భావం చెల్లని నోటు వంటిది. అందుకని పశువులను పెంచే ఇళ్లవారికి, జీవదయ సంస్థల కార్యకర్తలకు నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒకటి, దాటించిన తేదీ వ్రాసి పెట్టండి. నా చిట్టాలో తేదీ లేకపోతే డాక్టరు గారు 135కూ 141కీ తేడా చెప్పగలిగేవారు కారు. ఆ తేడాలో ఒక ప్రాణం నిలిచింది.

రెండు, చూలు చివరి నెలన్నరలో మేత విషయం స్వయంగా చూడండి. ముందు అతిగా బలియనివ్వవద్దు, చివర తగ్గించవద్దు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు, మంచి మేత పెట్టండి. రోజూ కొంచెం నడిపించండి. ఒక్క పూట తినకపోయినా తేలికగా తీసుకోవద్దు. ఈ జాగ్రత్త పడితే చాలాసార్లు సూది ప్రశ్నే రాదు. ధర్మసంకటాలలో సగం మన అశ్రద్ధ వల్ల పుట్టినవే.

మూడు, వైద్యుడు లేకుండా ఏ సూదీ వేయవద్దు. పాలు చేపడానికి కొందరు వాడే ఆక్సిటోసిన్ సూదినే నొప్పులకు కూడా వేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. గర్భద్వారం తెరుచుకోకముందు అది వేస్తే గర్భసంచి చిట్లవచ్చును. అది దయ కాదు, జూదం.

నాలుగు, ఒకసారి నిర్ణయం చేసిన తరువాత పక్కకు తప్పుకోవద్దు. సూది వేయించి పని మనిషికి అప్పగించి నిద్రపోయేవాడు సగం పనే చేసినవాడు. నెలలు నిండని కూనకు వెచ్చదనం కావాలి, ముర్రుపాలు కావాలి, రాత్రంతా మేల్కొనే మనిషి కావాలి. ముందుగా లోకంలోకి పిలిచినవాళ్లం మనమే గనుక, ఆ మేలుకోవడం మన బాకీ.

బ్రతికిన పోతుపిల్ల ఇప్పుడు పెద్దదై జీవదయ సంస్థ ఆవరణలో ఉంది. నెలనెలా మేత డబ్బు కట్టడానికి వెళ్లినప్పుడు చూసి వస్తాను. నన్ను గుర్తుపట్టదు. తల్లిమేక మా పెరట్లోనే ఉంది. దానిని మళ్లీ దాటించలేదు. పాలు కొన్నాళ్లకు వట్టిపోయాయి. దాటించుదామా అని నేనొకసారి అడిగితే అమ్మ, "నా పాల కోసం అది ఇంకొకసారి ఆ గడప దాటాలా? వద్దులే" అన్నది. ఇప్పుడు ఆవిడ పెసరకట్టు తాగుతున్నది. పాలివ్వని ఆ మేకకు దాణా మాత్రం తగ్గించలేదు. ఈసారి నేనే కొలిచి పెడుతున్నాను.

ఆ చిట్టా పుస్తకంలో జులై 14 పద్దు కింద ఇంకా ఖాళీ ఉంది. దానికి ఎదురు ఏమి వ్రాయాలో నాకు తెలియదు. ఒకటి బ్రతికింది, రెండు పోయాయి, తల్లి దక్కింది. జమ ఎంత, ఖర్చు ఎంత అని కూడితే ఏ రోజు కూడినా ఒకే మొత్తం రావడం లేదు. ప్రతిరోజూ ప్రతిక్రమణలో ఆ రెండు కూనలకు, ఆ ఒక్క రాత్రికి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

చదువు తక్కువవాణ్ణి. శాస్త్రానికి విరుద్ధంగా ఏదైనా వ్రాసి ఉంటే విజ్ఞులు సరిదిద్దాలని కోరుతున్నాను. ఎవరి మనస్సునైనా నొప్పించి ఉంటే త్రికరణశుద్ధిగా మిచ్ఛామి దుక్కడం.